మా తాత పేరు హుస్సేనప్ప ఎందుకు? ఇస్లాం మన ఊళ్ళదాకా ఎలా వచ్చింది?

అనంతపురం_మనవడు
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బెంగళూరులో చదువుతోంది. మొన్న స్కూలు నుంచి వస్తూనే అడిగింది: "నాన్నా, ముత్తాత పేరు హుస్సేనప్ప కదా, మనం హిందువులం కదా, ఆ పేరెందుకు పెట్టారు?" అంతటితో ఆగలేదు. క్లాసులో ఒకమ్మాయి ఇస్లాం కత్తితోనే వ్యాపించింది అందట. ఇంకో అమ్మాయి కాదు, సూఫీలు ప్రేమతో పంచారు అందట. ఇద్దరూ గొడవపడి మాటలు మానేశారట. ఎవరు రైటు అని నన్ను అడుగుతోంది.
నాకు తెలిసింది ఒక్కటే. చిన్నప్పుడు మొహర్రానికి, అంటే పీర్ల పండక్కి, మా ఊరి పీర్ల చావిడి దగ్గర నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆట ఆడేవాళ్ళం. మా నాయన మలీద ముద్దలు తెచ్చేవాడు. అంతకుమించి తెలియదు. పిల్లకి తప్పు చెప్పకూడదని ఇక్కడ అడుగుతున్నా. తిట్లు వద్దు, తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి.

కడప_చలం
హుస్సేనప్ప ఒక్కడేనా అన్నా! మా వీధిలో మస్తానయ్య, దస్తగిరమ్మ, ఫకీరప్ప, లాలప్ప, నాగూరయ్య అందరూ ఉన్నారు, అందరూ హిందువులే. ఇవి మొక్కుబడి పేర్లు. పిల్లలు నిలవకపోతే దర్గాలోనో పీర్ల దగ్గరో మొక్కుకుంటారు, పుట్టాక ఆ పేరు పెడతారు. మీ తాతదీ అదే అయ్యుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే అడగండి, ఆలస్యం చెయ్యొద్దు.

ఓరుగల్లు_కోట
మొక్కుబడి పేర్ల సంగతి సరే. పిల్లకి చెప్పేటప్పుడు మొదటి సగం దాచొద్దని నా మనవి. మాది వరంగల్లు. కోటలో నాలుగు తోరణాలు చూసే ఉంటారు. వాటి మధ్యన ఉండాల్సిన స్వయంభూ శివాలయం ఏది? 1309-10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడించి ఏనుగులు, గుర్రాలు, బంగారం పట్టుకుపోయాడు. 1323లో ఉలుగ్ ఖాన్ కోట పట్టాడు, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు అతనే. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. గుడి పోయింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. రాజమండ్రిలో 1324 నాటి మసీదు ఉంది, దాని శాసనం కూడా ఉంది.
కొన్నేళ్ళకే ప్రోలయనాయకుడు వేయించిన విలస తామ్రశాసనంలో గుళ్ళు పడగొట్టడం, అగ్రహారాలు లాక్కోవడం, పండించిన పంట రైతుకి దక్కకపోవడం అన్నీ రాసి ఉన్నాయి. ఇది వాట్సాప్ ఫార్వర్డ్ కాదు. ఆ బాధ పడ్డవాళ్ళు రాగిరేకు మీద చెక్కించుకున్నది.

గుంటూరు_మిర్చి
కోట గారికి నా ఓటు. ప్రేమతో పంచారు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

చరిత్ర_మేస్టారు
ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. కోట గారు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కొట్టెయ్యను. అన్నీ జరిగాయి. కానీ రాజ్యం రావడం వేరు, మతం రావడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మీ అమ్మాయి క్లాసులో గొడవ.
ఒక్కసారి దేశపటం ముందు పెట్టుకోండి. 1206 నుంచి సుల్తానులు, వాళ్ళ తర్వాత మొగలులు ఎక్కడ కూర్చుని ఏలారు? ఢిల్లీ, ఆగ్రా చుట్టూ. కత్తితోనే మతం మారేదైతే ఆ చుట్టుపక్కల అందరూ ముస్లింలై ఉండాలి. 2011 లెక్కల్లో ఉత్తరప్రదేశ్‌లో ముస్లింలు 19 శాతం. ఢిల్లీకి అంత దూరాన, సైన్యం వానాకాలంలో కదలడానికి కూడా వీలుకాని తూర్పు బెంగాల్ మాత్రం, అంటే ఇవాళ్టి బంగ్లాదేశ్, 90 శాతం. కత్తి బలంగా ఉన్నచోట తక్కువ, అందనిచోట ఎక్కువ. దీనికి కారణం చెప్పగలిగితే సగం చరిత్ర తెలిసినట్టే.

గుంటూరు_మిర్చి
మేస్టారూ, ఉత్తరప్రదేశ్‌లో తక్కువ ఉండటానికి దేశ విభజన కారణం కాదా? పాకిస్తాన్ వెళ్ళిపోయారు కదా.

చరిత్ర_మేస్టారు
మంచి ప్రశ్న. ఢిల్లీ నగరం విషయంలో మీరన్నది నిజమే, అందుకే ఆ అంకె నేను తీసుకోలేదు. ఉత్తరప్రదేశ్‌లో విభజనకి ముందు 1941 జనగణనలోనూ 15 శాతం దగ్గరే ఉన్నారు.

డెల్టా_చంద్రం
మరి బెంగాల్‌లో ఏం జరిగింది సార్? సగంలో ఆపేశారు.

చరిత్ర_మేస్టారు
కరెంటు పోయింది, అందుకని.
1204 ప్రాంతంలో బఖ్తియార్ ఖిల్జీ నదియా పట్టాడు. అప్పటినుంచి బెంగాల్‌లో ముస్లిం పాలన. కానీ పల్లెల్లో పెద్ద మార్పు వచ్చింది అప్పుడు కాదు, మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత. ఆ రోజుల్లో తూర్పు బెంగాల్ చాలాభాగం అడవి, బురద. గంగ ప్రవాహం మెల్లగా తూర్పుకి జరిగి పద్మ నదితో కలిసింది. కొత్త ఒండ్రు, కొత్త నేల. మొగలులు 1610లో ఢాకాని రాజధాని చేసుకుని, అడవి కొట్టి వరి వేస్తామన్నవాళ్ళకి భూములిచ్చారు. షరతు ఏమిటంటే అక్కడ ఒక మసీదో దర్గానో కట్టి నిలబెట్టాలి. గుడి కట్టినవాళ్ళకీ ఇచ్చారు, కానీ అడవిలోకి ముందు నడిచినవాళ్ళలో పీర్లు, అంటే సూఫీ గురువులు, ముల్లాలు ఎక్కువ. వాళ్ళ వెనక కూలికి వెళ్ళినవాళ్ళు బ్రాహ్మణ ధర్మం ఇంకా సరిగ్గా చేరని అడవి జనం, పడవల జనం. కొత్త ఊరు, కొత్త పొలం, ఊరి మధ్యన గడ్డికప్పు మసీదు. మొదటి తరం అల్లాని తమ దేవతల పక్కన పెట్టుకుంది. మనవల కాలానికి పేర్లు మారాయి. వాళ్ళ మనవలకి పాత దేవతలు గుర్తు లేరు.
ఢిల్లీ నుంచి ఎవరూ దీన్ని ప్లాను చెయ్యలేదు. 1872లో ఇంగ్లీషువాళ్ళు మొదటిసారి జనాన్ని లెక్కపెట్టినప్పుడు తూర్పు జిల్లాల పల్లెల్లో ఇంతమంది ముస్లింలా అని అధికారులే ఆశ్చర్యపోయారు.

డెల్టా_చంద్రం
ఇది చదువుతుంటే మన కాకతీయులు గుర్తొచ్చారు సార్. తెలంగాణ మెట్టలో చెరువు తవ్వి, పక్కన గుడి కట్టి, ఊరు నిలబెట్టారు కదా. అక్కడ చెరువు బదులు అడవి కొట్టడం, గుడి బదులు మసీదు.

చరిత్ర_మేస్టారు
చంద్రం, ఇదే మాట నా క్లాసులో ఎవరైనా అని ఉంటే భుజం తట్టేవాణ్ణి. సరిగ్గా అదే. దేవుడు నాగలి వెంట వచ్చాడు.

ఓరుగల్లు_కోట
బాగుంది. కానీ అన్నిచోట్లా వరిపొలాలే అని పిల్లకి చెబితే అదీ తప్పే. ఇరాన్ చూడండి. 1501లో షా ఇస్మాయిల్ తబ్రీజ్‌లో గద్దెనెక్కి అప్పటిదాకా చాలామంది సున్నీలుగా ఉన్న దేశం షియా కావాలని హుకుం జారీ చేశాడు. ఒప్పుకోనివాళ్ళని చంపారు. చెప్పడానికి పండితులు చాలక లెబనాన్ కొండల నుంచి రప్పించుకున్నారు. ఇవాళ ఇరాన్ షియా దేశం. ఇది కత్తి కాదా?

చరిత్ర_మేస్టారు
కత్తే. ఒప్పుకుంటున్నా. ముస్లింల మీద ముస్లింలే ఎత్తిన కత్తి. అదే ఇరాన్‌లో అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందు అరబ్బులు వచ్చినప్పుడు కథ వేరు. 651లో చివరి సస్సానిద్ రాజు యజ్‌దెగర్ద్ చనిపోయాడు. జనంలో సగంమంది ముస్లింలు కావడానికి మాత్రం రెండు వందల ఏళ్ళకి పైనే పట్టింది. రాజ్యం పడటానికి పదిహేనేళ్ళు, జనం మారడానికి ఏడెనిమిది తరాలు.

నైలు_ఇంజనీర్
నేను ఈజిప్టులో ఐదేళ్ళు పనిచేశాను. నా టీంలో ఒక కాప్టిక్ క్రైస్తవుడు ఉండేవాడు, మణికట్టు మీద చిన్న శిలువ పచ్చబొట్టు. వాళ్ళలో చాలామందికి ఉంటుంది. అరబ్బు సైన్యం అలెగ్జాండ్రియా తీసుకున్నది 642లో. ఇన్నేళ్ళ తర్వాత కూడా జనాభాలో పదో వంతు దాకా క్రైస్తవులే. మరి మిగతావాళ్ళు ఎందుకు మారారు అని అతన్నే అడిగాను. "ఒక్కరోజు కాదు, ఒక్క కారణం కాదు. మా ఇళ్ళలో మాత్రం పన్ను అని చెప్పుకుంటారు" అన్నాడు.
జిజియా అంటే తలపన్ను. ముస్లిం కానివాడు కట్టాలి, బదులుగా ప్రాణానికి, గుడికి రక్షణ, సైన్యంలో పని ఉండదు. ఉన్నవాడికి అది లెక్క కాదు. పంట పోయిన ఏడు రైతుకి అదే ఉరి. ఇంకోటి, 700 ప్రాంతంలో ఖలీఫాలు ఆఫీసు లెక్కలన్నీ అరబ్బీలోకి మార్చారు. ఉద్యోగం కావాలంటే అరబ్బీ రావాలి. పిల్లలకి అరబ్బీ చెప్పించారు. కాప్టిక్ భాష చివరికి చర్చి ప్రార్థనల్లో మిగిలింది. మతం కంటే భాష పోయినందుకే మా వాడు ఎక్కువ బాధపడేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

చరిత్ర_మేస్టారు
ఇంజనీర్ గారు చెప్పిన పన్ను విషయంలో ఇంకో మలుపు ఉంది. ఇరాక్‌లో హజ్జాజ్ అనే గవర్నరు, మతం మారి ఊళ్ళు వదిలి పట్నాలకి వచ్చిన రైతుల్ని వెనక్కి తోలి, ముస్లింలైనా సరే జిజియా కట్టించాడు. జనం మారిపోతే ఖజానాకి నష్టం కదా! 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ వచ్చి, మారినవాడి దగ్గర జిజియా తీసుకోవద్దని ఆపాడు. పాలకులకి మతం మారడం ఇష్టం లేని రోజులు కూడా ఉన్నాయని మీ అమ్మాయికి చెప్పండి, తప్పకుండా ఆశ్చర్యపోతుంది.

అనంతపురం_మనవడు
ఇప్పుడే చదివి వినిపించా. "వద్దన్నారా!" అని నిజంగానే నోరు తెరిచింది. ఇంకా చెప్పండి, పక్కనే కూర్చుంది.

ఢిల్లీ_తెలుగోడు
అయితే పాపకి మన తెలుగువాడి కథ ఒకటి. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో ఎనిమిది పలకల సమాధి ఒకటి ఉంది. చుట్టూ ఇళ్ళు కమ్మేశాయి, వెతుక్కుని వెళ్ళాలి. అది ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తిలంగాణీది. తిలంగాణీ అంటే మన తెలంగాణ మనిషే. ప్రతాపరుద్రుడి కొలువులో పెద్ద హోదాలో ఉన్నవాడు. ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ చేరి, ముస్లిం అయ్యి, ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరు అయ్యాడు. మొత్తం సల్తనతు లెక్కలు ఆయన చేతిలో ఉండేవి. తర్వాత కొడుకు కూడా వజీరే, ఢిల్లీలో ఖిడ్కీ మసీదు కట్టించింది ఆ కొడుకే.
ఆయన భయంతో మారాడా, ఆశతో మారాడా, నమ్మి మారాడా? ఆ సమాధి ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాను. కత్తి కింద మొదలై ఉండొచ్చు. వజీరు దాకా కత్తి ఒక్కటే తీసుకెళ్ళదు.

ఓరుగల్లు_కోట
ఈ సంగతి నాకు తెలియదు. మా కోటవాడు అక్కడ పడుకున్నాడన్నమాట. ఈసారి ఢిల్లీ వస్తే తీసుకెళ్ళండి.

గోల్కొండ_గల్లీ
హైదరాబాద్ నుంచి నాలుగు ముక్కలు. ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండ గద్దెనెక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు, అక్కడే తెలుగు ఒంటబట్టింది. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు, కావ్యాలు అంకితమిచ్చారు. ఆయన దగ్గరి అమీన్‌ఖాన్‌కి పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృతం కలవని అచ్చ తెలుగు కావ్యాల్లో మొదటిది అదే, పుచ్చుకున్నదేమో ఒక ఖాన్. గోల్కొండ ఫర్మానాలు పారసీ, తెలుగు రెండింట్లో ఉండేవి.
అదే ఇబ్రహీం 1565లో తళ్ళికోట దగ్గర తనకి అన్నం పెట్టిన రామరాయల మీదే మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. రెండూ నిజమే. రామదాసుని జైల్లో పెట్టించింది తానీషా, సీతారాముల కల్యాణానికి ముత్యాలు పంపే ఆచారం మొదలుపెట్టిందీ తానీషానే అని భద్రాచలంలో చెప్పుకుంటారు. ఈ మనుషుల్ని ఒకే రంగులో ముంచొద్దు.

సుగుణ_టీచర్
అందరూ రాజుల గురించే మాట్లాడుతున్నారు. బానిసల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆఫ్రికా నుంచి వందల ఏళ్ళపాటు మనుషుల్ని కొని, పట్టుకొని తెచ్చారు. 869లో ఇరాక్‌లోని బస్రా దగ్గర చిత్తడి నేలల్లో ఉప్పు పెళ్ళలు తవ్వే జంజ్ బానిసలు తిరగబడితే అణచడానికి ఖలీఫాలకి పద్నాలుగేళ్ళు పట్టింది. మాలిక్ కాఫూర్ కూడా గుజరాత్‌లో పట్టుబడ్డ బానిసే. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ ఇథియోపియాలో అమ్ముడుపోయిన పిల్లవాడు. బానిసకి సేనాపతి అయ్యే దారి ఉంది, అది నిజం. కానీ ఒక్క అంబర్ వెనక పేరు కూడా మిగలని వేలమంది ఉన్నారు. పిల్లలకి ఇది కూడా చెప్పాలి.

గోల్కొండ_గల్లీ
టీచరమ్మా, మా హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. చాలామంది ఏదో ఎయిర్‌ కండిషన్ అనుకుంటారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన సిద్దీల పేట.

లెక్కల_సార్
ఏసీ అంటే నేనూ అదే అనుకున్నా ఇన్నాళ్ళూ!
మంచి వైపు కూడా ఒకటి. బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ మన అంకెలతో లెక్కలు ఎలా చెయ్యాలో పుస్తకం రాశాడు, అక్కడినుంచే యూరప్‌కి వెళ్ళాయి. ఆయన పేరే అల్గారిథం, ఆయన ఇంకో పుస్తకంలోని అల్ జబ్ర్ అనే మాటే ఆల్జీబ్రా. చైనా కాగితం 751 తలాస్ యుద్ధం తర్వాతి కాలంలో అరబ్బుల చేతికి వచ్చింది, తర్వాత బాగ్దాద్‌లో కాగితం మిల్లులే వెలిశాయి. మన కాగితం అనే మాట కూడా ఆ దారినే వచ్చింది.

పట్వారీ_పెద్దాయన
మాటల సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. రెవెన్యూలో ముప్ఫై ఆరేళ్ళు చేశాను. రైతు అర్జీ పెడతాడు. తహసీల్దారు నకలు తెప్పించి మంజూరో రద్దో చేస్తాడు. బాకీ ఉంటే వసూలు, లేకపోతే జప్తు. ఫిర్యాదు వస్తే హాజరు కావాలి. ఏడాదికోసారి జమాబందీ. ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీ నుంచి వచ్చినవే. జిల్లా కూడా. చివరికి రైతు అన్నది కూడా రయ్యత్ అనే అరబ్బీ మాట. మేం రాసే ఫసలీ సంవత్సరం హిజ్రీ లెక్కని పంట కాలానికి సరిపెట్టింది. జులైలో మొదలవుతుంది, మామూలు సంవత్సరంలోంచి 590 తీసెయ్యాలి. 2024 జులైలో మొదలైంది 1434వ ఫసలీ. ఏ మతంవాడైనా ఈ దేశంలో ఎకరం నేల ఉన్నవాడు ఈ మాటల్లోనే బతుకుతున్నాడు.

డెల్టా_చంద్రం
రైతు కూడానా పెద్దాయనా! మా నాన్నని మరి అంతకుముందు ఏమనేవాళ్ళు?

పట్వారీ_పెద్దాయన
కాపు అనేవాళ్ళు బాబూ. కులం పేరు కాకముందు అది సేద్యం చేసేవాడి పేరే.

జకార్తా_సుజాత
మాటల గురించి నేను కూడా చెబుతా, ఇటునుంచి అటు వెళ్ళినవి. మావారి ఉద్యోగం వల్ల జకార్తాలో ఉంటున్నాం. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ఇది ఒకటి. ఇక్కడ రంజాన్ ఉపవాసాన్ని పువాసా అంటారు. ఉపవాసమే! స్వర్గం సుర్గా, నరకం నెరాకా, పాపానికి దోసా, పుణ్యానికి పహలా. అంటే దోషం, ఫలం. మతాన్ని ఆగమా అంటారు. మా పనమ్మాయి నమాజుకి వెళ్తూ సుర్గా గురించి మాట్లాడుతుంటే మొదట్లో నాకు ఒళ్ళు ఝల్లుమనేది.
ఇక్కడికి ఏ అరబ్బు సైన్యమూ రాలేదు. ఓడల మీద వర్తకులు వచ్చారు, గుజరాతీలు, తమిళులు, అరబ్బులు. సుమత్రాలో పసాయ్ సుల్తాను మాలిక్ అల్ సాలిహ్ సమాధి 1297 నాటిది. మలక్కా రాజు మారాక రేవులన్నీ మారుతూ పోయాయి. రేవు నడవాలంటే వర్తకుడికి నమ్మకం కావాలి, ఒకే మతమైతే లెక్కా పత్రం సులువు. జావాలో కుదుస్ అనే ఊరికి వెళ్ళాం. అక్కడి మసీదు మినారు ఎర్ర ఇటుకతో అచ్చం హిందూ గుడి గోపురంలా ఉంటుంది. ఆ ఊరి గురువు, హిందువుల మనసు నొప్పించకూడదని ఆవుని కొయ్యొద్దన్నాడట. ఇప్పటికీ ఆ ఊళ్ళో గేదె మాంసంతోనే కూర. తిన్నవాళ్ళు బాగుందన్నారు, నేను శాకాహారిని.

ఓరుగల్లు_కోట
సుజాత గారూ, జావాలోని హిందూ రాజ్యం మజాపహిత్ సంగతి? అక్కడ యుద్ధాలు జరగలేదా?

జకార్తా_సుజాత
జరిగాయి. దెమాక్ సుల్తానులు చుట్టుపక్కల హిందూ రాజ్యాలతో పోరాడారు. వర్తకం ఒక్కటే అనను. కానీ ఆ సుల్తానులు కూడా జావా వాళ్ళే, బయటినుంచి వచ్చినవాళ్ళు కాదు.

కన్నూర్_లో_ఉన్నా
కేరళలో కూడా అంతే. గుర్రాలు, మిరియాలు, పెళ్ళిళ్ళు. ఇక్కడి అరక్కల్ ముస్లిం రాజవంశంలో ఆస్తి, గద్దె తల్లి వైపు నుంచి వెళ్ళేవి, అందుకే బీవీలు, అంటే రాణులు, ఏలారు. కోళికోడ్ మిష్కాల్ మసీదు చూడండి, చెక్కతో అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది, మినారే లేదు. 1510లో దాన్ని కాల్చింది పోర్చుగీసువాళ్ళు.

గుంటూరు_మిర్చి
సరే, కులం బాధ పడలేక మారారు అంటారే, మన దగ్గర అదేగా అసలు కారణం? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

నూర్‌బాషా_ఇంటిపిల్ల
నాలుగు రోజులుగా చదువుతున్నా. ఈ ప్రశ్నకి నేను చెప్పాలి.
మాది దూదేకుల ఇల్లు. మా జేజినాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. పరుపు ఏకితే ఒళ్ళంతా దూదే, కనురెప్పల మీద కూడా. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు, ఉర్దూ నాకు రాదు. మా అమ్మ పెళ్ళిలో నిఖా చదివారు, దానికి ముందు పందిరి వేసి పసుపు కొట్టారు. ఎప్పుడు మారామో, ఎవరు మార్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కత్తి కథ లేదు, ప్రేమ కథ లేదు. విల్లు ఒక్కటే ఉంది.
కులం పోయిందా అంటే, లేదండీ. హిందువులు మమ్మల్ని సాయిబులంటారు. ఉర్దూ మాట్లాడే సాయిబులు దూదేకులోళ్ళంటారు. మా అక్కకి ఒక సయ్యదుల ఇంటినుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇష్టమే, ఇద్దరూ ఒకే ఆఫీసు. వాళ్ళ పెద్దవాళ్ళు మా ఇంటికి వచ్చి టీ తాగకుండా లేచిపోయారు. మసీదులో ఒకే వరసలో నిలబడతాం, అది నిజం, అది చిన్న విషయం కాదు. పెళ్ళి దగ్గర మాత్రం వరస మారిపోతుంది.
ఇంకో మాట. మా నాన్న మొహర్రానికి పీర్లు ఎత్తేవాడు. ఇప్పుడు మా తమ్ముడు అది ఇస్లాం కాదు, మానెయ్యమంటాడు. వాడు ఖురాన్ అర్థంతో చదివాడు, వాడి మాటలో వాడికి నిజం ఉంది. కానీ పోయిన మొహర్రానికి చావిడి తాళం చెవి వేరేవాళ్ళకి ఇచ్చేసి వచ్చి మా నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఇస్లాం ఎలా వ్యాపించింది అని అడుగుతున్నారు కదా, మా ఇంట్లో అది ఇంకా వ్యాపిస్తూనే ఉంది.

వేదిక_నిర్వాహకుడు
పైన ఒక పోస్టు తీసేశాను. మనుషుల్ని తిట్టడం ఇక్కడ కుదరదు. ఇంటిపిల్ల గారూ, రాసినందుకు కృతజ్ఞతలు.

గుంటూరు_మిర్చి
తీసేసింది నాది కాదు. అమ్మా, టీ తాగకుండా లేచిపోయారన్న చోట ఆగిపోయాను. మా ఇళ్ళల్లో కూడా అలా లేచిపోయినవాళ్ళు ఉన్నారు.

చరిత్ర_మేస్టారు
ఇంటిపిల్ల గారి పోస్టు నేను క్లాసులో చెప్పిన పాఠాలకంటే ఎక్కువ చెప్పింది. కులం నుంచి పారిపోయి మారారన్నది కొన్నిచోట్ల కొంత నిజం కావచ్చు. కానీ బెంగాల్‌లో మారినవాళ్ళలో ఎక్కువమంది అసలు కుల వ్యవస్థలో పూర్తిగా చేరనివాళ్ళు. కుల వ్యవస్థ గట్టిగా పాతుకున్న గంగా మైదానంలో మారింది తక్కువ. ఒకటే కారణం ఎవరు చెప్పినా నమ్మకండి, ఊరు పేరు అడగండి, ఏడు అడగండి.

ఓరుగల్లు_కోట
ఊరు అడిగితే మా ఊళ్ళో కత్తే సార్. అది మాత్రం నేను వదలను.

చరిత్ర_మేస్టారు
వదలొద్దు. మీ ఊరికి అదే నిజం.

అనంతపురం_మనవడు
ఆలస్యానికి క్షమించండి. చలం గారు చెప్పినట్టు మా మేనత్తకి ఫోన్ చేశా. ఎనభై మూడేళ్ళు, మాట ఇంకా స్పష్టంగానే ఉంది. మా ముత్తవ్వకి వరసగా ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారట. నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు పీర్లు సరగత్తుకి, అంటే ఊరేగింపుకి, ఊళ్ళోకి వస్తుంటే దారిలో బిందెడు నీళ్ళు పోసి సాగిలపడి మొక్కుకుందట: బిడ్డ నిలిస్తే హుస్సేన్ పేరు పెడతా, ఏటా గుండానికి బండెడు కట్టెలు మా ఇంటినుంచే వస్తాయి అని. నిలిచింది మా తాత. ఆయన బతికినన్నాళ్ళూ కట్టెలు వెళ్ళాయి. మా పెదనాయన ఎద్దులు అమ్మేసిన ఏడు ఆగిపోయాయట. నాకు ఇది ఎవరూ చెప్పలేదు.
అమ్మాయికి అన్నీ చెప్పా. ఓరుగల్లు కోట, బెంగాల్ అడవి, మక్బూల్ సమాధి, పువాసా, ఇంటిపిల్ల గారి నాన్న తాళం చెవి. నోటుబుక్కులో రాసుకుంది. స్కూల్లో ఆ ఇద్దరు అమ్మాయిలకీ చదివి వినిపిస్తుందట. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయే ముందు వచ్చి అడిగింది: "ముత్తాత బాకీ ఎన్నేళ్ళది నాన్నా?"
లెక్కేశాం. ఇరవై ఆరేళ్ళు. ఈసారి మొహర్రానికి ఊరికి వెళ్తున్నాం.

కడప_చలం
అన్నా, కళ్ళు చెమర్చాయి. వెళ్ళేముందు పీర్లని చూసుకునే ముజావర్‌కి పదిరోజుల ముందే చెప్పండి. ఇప్పుడు బండ్లు దొరకవు, ట్రాక్టర్ మాట్లాడుకోవాలి. చింత మొద్దులైతే నిప్పు బాగా నిలుస్తుంది, తుమ్మ వద్దు, చిటపటలాడి పిల్లల మీద పడుతుంది.

నూర్‌బాషా_ఇంటిపిల్ల
మీ ఊరి పేరు నాకు మెసేజ్ చెయ్యండి అన్నా. దగ్గరైతే మా నాన్నని తీసుకొస్తా.